ఓర్లాండో వెళ్లే ముందు బిహైండ్ ది అట్రాక్షన్ సిరీస్ ఎలా చూడాలంటే

మొదటిసారి అమ్మానాన్నల్ని ఫ్లోరిడాలోని ఓర్లాండోకి, డిస్నీ పార్కు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు స్పేస్ మౌంటెన్ అనే చీకటి రోలర్ కోస్టర్ క్యూలో గంటన్నర నిలబెట్టాను. రైడ్ రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చాక అమ్మ మోకాళ్లు పట్టుకుని, "ఇంతసేపు తిరుమలలో నిలబడితే పుణ్యమైనా దక్కేది కదరా" అంది. నాన్న ఆర్టీసీ వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఏ యంత్రం కనబడినా మూత విప్పి చూడాలనిపించే రకం. ఆయన ఒకటే అడిగారు: "చీకట్లో కూర్చోబెట్టి కుదిపి పంపించారు. లోపల అసలు ఏముందిరా?" నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

వాళ్లు రెండోసారి వచ్చినప్పుడు ఆ తప్పు చేయలేదు. ప్రయాణానికి నెల రోజుల ముందు నుంచి, డిస్నీ ప్లస్‌లో ఉన్న బిహైండ్ ది అట్రాక్షన్ అనే డాక్యుమెంటరీ సిరీస్‌ని వారానికి రెండు ఎపిసోడ్ల చొప్పున ఇంట్లో అందరం కూర్చుని చూశాం. ఒక్కో రైడ్ ఎలా పుట్టింది, ఎవరు కట్టారు, ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు అన్నది ఒక్కో ఎపిసోడ్. మీరూ ఇంట్లోవాళ్లతో ఫ్లోరిడాలోనో కాలిఫోర్నియాలోనో ఉన్న డిస్నీ పార్కులకి వెళ్లే ఆలోచనలో ఉంటే, లేదా వెళ్లకపోయినా ఈ రైడ్ల సంగతేంటో తెలుసుకోవాలనుంటే, దాన్ని ఎలా చూస్తే గిట్టుబాటవుతుందో చెప్తాను. ఎలా పడితే అలా చూస్తే మాత్రం ఎంతసేపు చూసినా ఒకటే, బొమ్మలు కదులుతుంటాయి, ఎవరో నవ్వుతుంటారు, గుర్తేమీ ఉండదు.

ముందుగా రెండు మాటలు

మొదటి సీజన్ 2021లో వచ్చింది, జులై 21న అయిదు ఎపిసోడ్లు, ఆగస్టు 25న మిగతా అయిదు. రెండో సీజన్ 2023 నవంబరులో. డైరెక్టర్ బ్రయాన్ వోల్క్ వైస్, నిర్మాతల్లో మన పిల్లలందరికీ రాక్‌గా తెలిసిన డ్వేన్ జాన్సన్ ఒకడు. గొంతు నటి పేజెట్ బ్రూస్టర్‌ది. ఆవిడ జోకుల మీద జోకులేస్తూ గబగబా చెప్పుకుపోతుంది. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలకైతే సరదాగానే ఉంటుంది గానీ పెద్దవాళ్లకి ఆ స్పీడులో సగం జారిపోతుంది. అందుకని సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి, రిమోట్ మీ చేతిలో పెట్టుకోండి, అయిదారు నిమిషాలకోసారి ఆపి తెలుగులో చెప్పండి. "ఆపకుండా చూద్దాం" అని మా అమ్మాయి గొడవ పెట్టింది. తనకి విడిగా ఇంకోసారి చూసుకోమని చెప్పాం.

ఇది డిస్నీ తన గురించి తాను తీసుకున్న సిరీస్ అని కూడా గుర్తుంచుకోవాలి. పెళ్లి వీడియోలో పెళ్లివారి గొడవలు ఉండవు కదా, ఇదీ అంతే. రైడ్ ఎంత కష్టపడి కట్టారో చెప్తారు, ఎవరికి ఏమైందో, ఎంత డబ్బు మునిగిందో అంత నోరు విప్పి చెప్పరు. ఆ రెండో వైపు కొంతైనా కావాలంటే లెస్లీ ఐవర్క్స్ తీసిన ది ఇమాజినీరింగ్ స్టోరీ ఉంది, 2019ది, ఆరు ఎపిసోడ్లు. అదీ డిస్నీ ప్లస్‌దే గానీ పారిస్ డిస్నీ పార్కు 1992లో మొదలై నష్టాల్లో కూరుకుపోవడం, 2001లో తెరిచిన కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కుని జనం పెదవి విరవడం లాంటివి అందులో దాచలేదు. నా మట్టుకు నాకు అదే మెరుగు. కానీ నెమ్మదిగా నడుస్తుంది, ఇంటిల్లిపాదీ కూర్చోరు. ముందు ఇది చూసి, రుచి తగిలినవాళ్లు అది చూడండి.

సబ్‌స్క్రిప్షన్ కట్టే ముందు మీరున్న దేశంలో సెర్చ్ చేసుకోండి, ఏ దేశం యాప్‌లో ఏది ఉంటుందో తరచూ మారుతుంటుంది. డబ్బు కట్టాక వెతుక్కోవడం నాకు రెండుసార్లు అనుభవమైంది.

వరసలో చూడొద్దు

యాప్‌లో చూపించిన వరసలో జంగిల్ క్రూజ్ తర్వాత హాంటెడ్ మాన్షన్, ఆ తర్వాత స్టార్ టూర్స్, టవర్ ఆఫ్ టెర్రర్, స్పేస్ మౌంటెన్, అక్కడినుంచి మళ్లీ వెనక్కి ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్. అలా చూస్తే తాతకంటే ముందు మనవడు పుట్టినట్టుంటుంది. రైడ్లు పుట్టిన సంవత్సరాల వరసలో పెట్టుకుని చూడండి. అప్పుడే ఒక రైడ్‌లో నేర్చుకున్నది తర్వాతి రైడ్‌లోకి ఎలా పాకిందో తెలుస్తుంది. నేను పెట్టుకున్న వరస ఇది: జంగిల్ క్రూజ్ (1955), రైళ్లూ మోనోరైళ్ల ఎపిసోడ్, స్మాల్ వరల్డ్ (1964), రెండో సీజన్‌లోంచి పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ (1967), హాంటెడ్ మాన్షన్ (1969), స్పేస్ మౌంటెన్ (1975), స్టార్ టూర్స్ (1987), టవర్ ఆఫ్ టెర్రర్ (1994). కోటల ఎపిసోడ్ ఎప్పుడు చూసినా ఒకటే. డిస్నీలాండ్ హోటల్‌ది మేం సగంలో ఆపేశాం. అమెరికా అధ్యక్షుల బొమ్మలు లేచి మాట్లాడే హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్‌ది, హిస్టరీ ఇష్టమైనవాళ్లుంటేనే.

ఇంకో పని. ప్రతి ఎపిసోడ్‌కీ ఒక కాగితం మీద రెండే ముక్కలు రాయండి: వీళ్లకి వచ్చిన చిక్కేంటి, ఎలా తప్పించుకున్నారు. నాన్న దీనికోసం ఎప్పటిదో ఎల్‌ఐసీ డైరీ ఒకటి తీశారు. చూడ్డానికి స్కూలు హోంవర్కులా ఉంటుంది గానీ ఈ రైడ్లన్నీ అర్థమయ్యేది అక్కడే. సిరీస్‌లో మాయాజాలం, కలలు, చిన్ననాటి జ్ఞాపకాలు అని ఎంతసేపూ ఊదరగొడతారు గానీ, ఒక్కో రైడ్ వెనకా ఉన్నది ఒక మొండి చిక్కు, దానికో తెలివైన మెలిక.

జంగిల్ క్రూజే తీసుకోండి. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో నారింజ తోటలు కొట్టించి, ఏడాదిలో డిస్నీలాండ్ పార్కు కట్టి, 1955 జులై 17న తెరిచారు. (ఆ రోజు కథే ఒక సినిమా. ప్లంబర్ల సమ్మె వల్ల తాగే నీళ్ల కుళాయిలు చాలావాటికి నీళ్లు లేవు, దొంగ టికెట్లతో జనం ఎగబడ్డారు, ఎండకి కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ల హీల్స్ దిగబడిపోయాయి. ఇదంతా టీవీలో లైవ్.) వాల్ట్ డిస్నీకి పడవలో తిప్పుతూ నిజం జంతువుల్ని చూపించాలని ఉండేది. జంతువుల సంగతి తెలిసినవాళ్లు చెప్పిందేమిటంటే, మధ్యాహ్నం పూట అవి నిద్రపోతాయి, లేదా పొదల్లోకి పోయి దాక్కుంటాయి, టికెట్ కొన్నవాడికి తోక కూడా కనబడదు అని. జూ పార్కుకి వెళ్లిన ప్రతివాడికీ తెలిసిన విషయమే. అందుకే మర జంతువులు. ఇక అడవి కావాలి, ఏడాదిలో అడవి పెరగదు. బిల్ ఎవాన్స్ అనే తోటల నిపుణుడు పెకలించిన నారింజ చెట్లని తలకిందులుగా పాతించాడు, వేళ్లు పైకి లేచి ఏదో దేశం కాని దేశం చెట్లలా కనబడ్డాయి. పడవ నీళ్ల అడుగున పట్టా మీద నడుస్తుంది, ఆ పట్టా కనబడకుండా నీళ్లకి రంగు కలుపుతారు. ఇంకో సంగతి, ఇవాళ పడవ నడిపేవాళ్లు దారి పొడుగునా వేసే కుళ్లు జోకులు మొదట్లో లేవు. మొదట్లో జంతువుల గురించి సీరియస్‌గా చెప్పేవాళ్లు. 1960ల మొదట్లో మార్క్ డేవిస్ అనే యానిమేటర్ వచ్చి స్నానం చేసే ఏనుగుల్లాంటి సరదా సీన్లు పెట్టాక వరసే మారిపోయింది.

నాన్న డైరీలో: "చిక్కు: జంతువులు నిద్రపోవును. ఉపాయం: నిద్రపోని జంతువులు."

రైళ్ల ఎపిసోడ్‌లో ఒక్కటి పట్టుకోండి చాలు. వాల్ట్‌కి రైళ్ల పిచ్చి, ఇంటి పెరట్లోనే మనుషులు ఎక్కి కూర్చునే చిన్న ఆవిరి రైలు వేయించుకున్నాడు. డిస్నీలాండ్ చుట్టూ చెరువుకట్టలా ఒక మట్టి గట్టు, దాని మీద రైలు. బయటి రోడ్లూ కరెంటు స్తంభాలూ లోపలివాళ్లకి కనబడకూడదని ఆ గట్టు. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ గట్టే తర్వాత రెండు రైడ్లకి అడ్డం పడుతుంది.

స్మాల్ వరల్డ్ చూసేటప్పుడు అమ్మ మొదటిసారి లేచి నిటారుగా కూర్చుంది. "ఇది బొమ్మల కొలువే కదా" అంది. నిజమే, దేశదేశాల పిల్లల బొమ్మలు మెట్ల మీద పేర్చినట్టుంటాయి, రంగులన్నీ మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణివి. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం పెప్సీ వాళ్లు యూనిసెఫ్ పేరు మీద చేయించారు, చేతిలో ఏడాది కూడా లేదు. మొదట ఒక్కో దేశం బొమ్మ ఆ దేశపు జాతీయ గీతం పాడాలనుకున్నారట. అన్నీ ఒకేసారి మోగేసరికి చెవులు చిల్లులు పడ్డాయి. దాంతో ఏ భాషలో పాడినా ఒకదాంతో ఒకటి కలిసిపోయే ఒకే ఒక్క చిన్న పాట చేయమని డిస్నీ సినిమాల పాటలు రాసే షెర్మన్ సోదరులకి చెప్పారు. ఆ పాట ఒకసారి విన్నారంటే మూడు రోజులు వదలదు, అది మాత్రం నా పూచీ కాదు. అసలు సంగతి పాట కాదు, పడవలు. ఫెయిర్‌కి వచ్చే జనం లక్షల్లో, కూర్చోబెట్టి పంపడానికి ఆగి ఆగి నడిచే బండ్లు చాలవు. కాలవ అడుగున నీటి ధారలు పడవల్ని తోస్తుంటాయి, పడవ వెంట పడవ, ఆగే పని లేదు.

ఆ పడవలు అంత జనాన్ని మింగడం చూసి పైరేట్స్, అంటే సముద్రపు దొంగల రైడ్, ప్లాను మార్చేశారు. అప్పటిదాకా అది మైనపు బొమ్మల మధ్య నడిచి చూసే మ్యూజియంలా ఉండాల్సింది. పడవలొచ్చాయి, కానీ అంత పెద్ద రైడ్‌కి పార్కులో చోటేది? గట్టు అవతలే ఉంది. అందుకే కాలిఫోర్నియా పైరేట్స్‌లో పడవ చీకట్లో రెండుసార్లు జారి కిందికి దూకుతుంది. జనం థ్రిల్ కోసమనుకుంటారు, రైలు పట్టాల కింద నుంచి అవతలి షెడ్డులోకి దాటించడానికి కూడా అదే దారి. ఇక్కడ నాన్న పాజ్ చేయమని, వెనక్కి తిప్పమని, మళ్లీ చూసి, "కల్వర్టు" అన్నారు. అంతే, ఆయనకి సిరీస్ ఎక్కేసింది. వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరులో పోయాడు, రైడ్ తెరిచింది 1967 మార్చిలో, చూసుకోలేకపోయాడు.

హాంటెడ్ మాన్షన్ కోసం ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి

మిగతావి భోంచేస్తూ చూసినా పర్లేదు, ఇది కాదు. ఈ దెయ్యాల ఇల్లు పైకి 1963లోనే కట్టేశారు. లోపల ఏం పెట్టాలో తేలక, మధ్యలో వరల్డ్ ఫెయిర్ పని నెత్తిన పడి, ఆరేళ్లు గేటుకి తాళం. వచ్చినవాళ్లందరూ ఆ మూసిన ఇంటిని చూసి లోపలేముందో అని రకరకాలుగా అనుకునేవాళ్లు. 1969 ఆగస్టు 9న తెరిచారు. మార్క్ డేవిస్‌కి నవ్వించాలని, ఆయనతో పనిచేసిన క్లాడ్ కోట్స్ అనే కళాకారుడికి భయపెట్టాలని. ఇద్దరూ తగ్గలేదు, అందుకే రైడ్ మొదటి సగం భయం, రెండో సగం దెయ్యాల జాతర. వంట ఇద్దరు చేస్తే పాడవుతుందంటారు గానీ ఇక్కడ మాత్రం కుదిరింది.

ఇక్కడా చిక్కు జనమే. నడిచి చూసే ఇల్లయితే ముందువాడు ఆగితే వెనక వందమంది ఆగుతారు. ఆగకుండా గొలుసులా తిరిగే నల్లటి బండ్లు పెట్టారు. ఎక్కేచోట మీ కాళ్ల కింద నేలే బండితో పాటు కదులుతుంది. బండి కూడా ఊరికే ముందుకి పోదు, ఎటు చూడాలో అటు తిప్పి చూపిస్తుంది, సినిమాలో కెమెరా తిప్పినట్టు. ఈ పార్కు కట్టినవాళ్లలో చాలామంది సినిమా సెట్లు వేసినవాళ్లూ బొమ్మలు గీసినవాళ్లే. రామోజీ ఫిల్మ్ సిటీలో ముందు నుంచి ఒక భవనం, పక్క నుంచి ఇంకో భవనం చూసినవాళ్లకి ఈ బుద్ధి ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు.

బాల్‌రూమ్ సీన్ దగ్గర పాజ్ కొట్టండి. మీరు పై నుంచి పెద్ద హాల్లోకి చూస్తుంటారు. అవతల పారదర్శకంగా దెయ్యాలు డ్యాన్స్ చేస్తూ, కొవ్వొత్తులు ఊదుతూ, కనబడుతూ మాయమవుతూ ఉంటాయి. ప్రొజెక్టర్ కాదు, కంప్యూటర్ కాదు. 1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ పెప్పర్ అనే ఆయన చూపించిన పాత నాటకాల ట్రిక్కు, అసలు ఆలోచన హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరుది, పేరు మాత్రం పెప్పర్‌కి నిలబడింది. దీన్ని సిరీస్‌లో చూసి ఊరుకోకండి, ఇంట్లో చేసి చూడండి, పావుగంట పని.

పాత ఫొటో ఫ్రేములోంచి అద్దం తీసి శుభ్రంగా తుడవండి. వేలిముద్రలు ఉంటే మొత్తం పాడవుతుంది, అంచులు కోసుకుంటాయి కాబట్టి అంచులకి సెల్లోటేపు వేయండి. దాన్ని డైనింగ్ టేబుల్ మీద రెండు పుస్తకాల మధ్య నిలబెట్టండి, మీరు కూర్చున్న వైపుకి తిన్నగా కాకుండా ఏటవాలుగా, తలుపు సగం తెరిచినంత, 45 డిగ్రీలు. అద్దం అవతల ఒక చిన్న గ్లాసో, బొమ్మ కుర్చీయో పెట్టండి. ఇప్పుడు అసలు బొమ్మని అద్దానికి పక్కవైపు, మీకు నేరుగా కనబడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టి దాచండి. బొమ్మ వెనక నల్ల గుడ్డ తప్పనిసరి. మేం కొండపల్లి నుంచి తెచ్చిన తాతగారి బొమ్మ పెట్టాం, ఆ తల ఊపే రకం. అద్దం నుంచి కుర్చీ ఎంత దూరంలో ఉందో బొమ్మ కూడా అంతే దూరంలో ఉండాలి, లేకపోతే తాతగారు కుర్చీలో కాకుండా గాల్లో కూర్చుంటారు. మాకు మొదటి మూడుసార్లు అలాగే అయింది. గదిలో లైట్లు తీసేయండి, అవతలి కుర్చీ మీద కొంచెం వెలుతురు పడేలా ఒక దీపం ఉంచండి, ఇప్పుడు ఫోన్ టార్చి బొమ్మ మీద వేయండి.

మా అమ్మాయి కెవ్వుమంది. కుర్చీలో తాతగారు కూర్చుని, వెనకున్న గోడ ఆయనలోంచి కనబడుతూ, తల ఊపుతున్నారు. టార్చి ఆపితే లేరు. అమ్మ "అద్దం మీద నీడే కదే" అని దగ్గరికొచ్చి చూసి, మళ్లీ తన కుర్చీలోకి వెళ్లి, ఇంకోసారి వెయ్యమంది.

మాన్షన్‌లోనూ ఇదే. మీ బండికీ హాలుకీ మధ్య ఇంత ఎత్తు అద్దం. డ్యాన్స్ చేసే బొమ్మలు హాల్లో ఉండవు, మీరు పోయే దారికి పైనా కిందా చీకటి గదుల్లో ఉంటాయి. మీరు చూసేది వాటి ప్రతిబింబం. ప్రతిబింబంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి ఆ డ్యాన్సులో మగవాళ్లకి బదులు ఆడవాళ్లు నడిపిస్తున్నట్టు కనబడుతుంది. వెళ్లినప్పుడు చూడండి. చిన్నప్పుడు తిరునాళ్లలో ఆడపిల్ల తల, పాము ఒళ్లు ఉన్న నాగకన్యని టికెట్ పెట్టి చూపించేవాళ్లు, గుర్తుందా? అక్కడా పనంతా అద్దాలదే. నాన్న ఒకసారి అలాంటి డేరా వెనక్కి వెళ్లి తన్నులు తిన్నాడని అమ్మ ఆ రోజే మాకు చెప్పింది.

ఈ ఎపిసోడ్‌లో ఇంకొక్కటి: సాగే గది. లోపలికెళ్లగానే ఎనిమిది గోడల గదిలో నిలబెడతారు, గోడలు పొడుగ్గా సాగుతాయి, గోడ మీద పటాలు కిందికి పెరిగి కొత్త బొమ్మలు బయటపడతాయి. కాలిఫోర్నియాలో అది నిజానికి లిఫ్టు, మిమ్మల్ని కిందికి దించి గట్టు కింద నుంచి అవతలి షెడ్డుకి పంపిస్తుంది. పైరేట్స్ చిక్కే, ఉపాయం వేరు. ఫ్లోరిడాలో 1971లో కట్టినదానికి ఆ గట్టు సమస్య లేదు, కిందికి దించే పని లేదు, కానీ జనానికి ఆ గది అలవాటైపోయింది. అందుకని అక్కడ నేల కదలదు, పైకప్పుని పైకి లేపుతారు.

స్పీడు రైడ్ల ఎపిసోడ్లు: ఎవరు ఎక్కాలో తేల్చుకోవడానికి

స్పేస్ మౌంటెన్ ఆలోచన 1960ల్లోనే ఉంది, కట్టింది 1975 జనవరిలో, ఫ్లోరిడాలో. ఎందుకంత లేటంటే చీకట్లో ఒకే పట్టాల మీద చాలా బండ్లని ఢీకొట్టుకోకుండా నడపాలి, అంత లెక్క చూసే కంప్యూటర్లు అప్పటికి అందుబాటులో లేవు. రైల్వేలో బ్లాకు సిస్టమ్ తెలుసుగా, ముందు బండి ఒక ముక్క దాటితే గానీ వెనక బండిని ఆ ముక్కలోకి రానివ్వరు, ఇదీ అదే. ఇక స్పీడు: ఫ్లోరిడాది గంటకి 45 కిలోమీటర్లు అటూఇటూ. విజయవాడ బందరు రోడ్డులో ఖాళీ ఆటో అంతకంటే తక్కువేం పోదు. చీకటి, ముఖానికి కొట్టే గాలి, ఎటు తిరుగుతుందో ముందుగా కనబడకపోవడం, వీటితోనే పుడుతుంది ఆ భయం. ఎపిసోడ్ చూశాక యూట్యూబ్‌లో లైట్లు వేసి తీసిన స్పేస్ మౌంటెన్ వీడియోలు వెతికి చూడండి. "దీనికా గంటన్నర నిలబడ్డాం" అని నాన్న నవ్వారు, కానీ కోపంగా కాదు. మెడ నొప్పి, నడుం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఆ కుదుపుని చూసి నిర్ణయించుకోండి, స్పీడు తక్కువైనా కుదుపు తక్కువ కాదు.

స్టార్ టూర్స్ దగ్గర బస్సుని గుర్తుతెచ్చుకుంటే చాలు. డ్రైవరు ఒక్కసారి గేరు మార్చి లాగితే వీపు సీటుకి అంటుకుంటుంది కదా. పైలట్లకి ట్రైనింగ్ ఇచ్చే సిమ్యులేటర్‌నే తెచ్చి అందులో జనాన్ని కూర్చోబెట్టారు, తెర మీద అంతరిక్షం ముందుకి దూసుకొస్తుంటే క్యాబిన్‌ని వెనక్కి వంచుతారు, మన బరువే మన వీపు మీద పడి బండి పరిగెడుతున్నట్టనిపిస్తుంది. బండి అంగుళం ముందుకి పోదు. 1987లో తెరిచినప్పుడు పార్కుని వరసగా 60 గంటలు మూయకుండా నడిపారు. కళ్లు తిరిగేవాళ్లకి స్పేస్ మౌంటెన్ కంటే ఇదే ఎక్కువ ఇబ్బంది, కళ్లు మూసుకుంటే సగం తగ్గుతుంది.

టవర్ ఆఫ్ టెర్రర్ ఎపిసోడ్ విషయంలో మా ఇంట్లో తగువైంది. ముందే చూస్తే సస్పెన్స్ పోతుందని మా ఆవిడ, చూడకపోతే అమ్మకి టెన్షన్ అని నేను. చూపించాం, మంచిదే అయింది. పాడుబడ్డ హోటల్లో లిఫ్టు తెగి పడినట్టు కిందికి దూకించే రైడ్ ఇది. ఎత్తు 199 అడుగులు. ఎందుకు 200 కాదంటే, 200 అయితే విమానాల కోసం పైన ఎర్ర లైటు పెట్టాలి, పాడుబడ్డ పాత హోటల్ నెత్తిన మెరిసే ఎర్ర లైటు ఉంటే ఎలా ఉంటుంది? ఇక లిఫ్టు తెగిపడదు. మోటార్లు కేబుల్‌తో కిందికి లాగుతాయి, వస్తువు మామూలుగా పడే వేగం కంటే ఎక్కువగా. అందుకే వీడియోల్లో అరచేతిలో పెట్టుకున్న నాణెం గాల్లో తేలుతుంది. నిజానికి చేయి దానికంటే ముందు కిందికి పోతుంది, అంతే. ఫ్లోరిడాలో ఇంకో వింత, లిఫ్టు మధ్యలో ఆగి మీ బండి దాంట్లోంచి బయటికొచ్చి, నేల మీద దానంతటదే నడుచుకుంటూ వెళ్లి ఇంకో లిఫ్టులోకి దూరుతుంది. నాన్న ఆ ముక్క నాలుగుసార్లు చూశారు. అమ్మ ఒక్కసారి చూసి, "నేను బయట బెంచీ మీద కూర్చుంటా, బీపీ మాత్ర వేసుకోవడానికి ఇంత దూరం రాలేదు" అని తేల్చేసింది. క్యూలో గంట నిలబడ్డాక చివరి గుమ్మం దగ్గర భయపడి తిరిగి రావడం కంటే ఇంట్లో సోఫాలో ఈ నిర్ణయం అయిపోవడం ఎంత సుఖమో పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లకి తెలుస్తుంది.

కోటల ఎపిసోడ్ నుంచి: ఫ్లోరిడా సిండరెల్లా కోట 189 అడుగులు, కాలిఫోర్నియా కోట 77 అడుగులే. పైకెళ్లే కొద్దీ రాళ్లూ కిటికీలూ చిన్నవి చేసుకుంటూ పోతారు, దూరంగా ఉన్నట్టు, ఎత్తుగా ఉన్నట్టు కనబడుతుంది. మన గాలిగోపురం అంతస్తులు పైకెళ్లే కొద్దీ తగ్గుతూ పోవడం చూసిన కంటికి ఇది వెంటనే పట్టేస్తుంది.

టికెట్లు కొనేటప్పుడు

ఇప్పుడు డైరీ ముందు పెట్టుకోండి. ఫ్లోరిడాలో ఈ సిరీస్‌లోని జంగిల్ క్రూజ్, స్మాల్ వరల్డ్, పైరేట్స్, మాన్షన్, స్పేస్ మౌంటెన్, కోట, అధ్యక్షుల హాలు అన్నీ మ్యాజిక్ కింగ్డమ్‌లోనే ఉన్నాయి, టవర్, స్టార్ టూర్స్ హాలీవుడ్ స్టూడియోస్‌లో. అంటే రెండు రోజులు, రెండు పార్కులు. కాలిఫోర్నియా అయితే టవర్ తప్ప మిగతా రైడ్లకి డిస్నీలాండ్ పార్కు ఒక్కటి చాలు, ఒక రోజు గట్టిగా తిరిగితే అయిపోతాయి. అక్కడి టవర్‌ని 2017లో గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ రైడ్‌గా మార్చేశారు, దాని కోసం వెళ్తే నిరాశే. పైరేట్స్ మాత్రం కాలిఫోర్నియాదే చూడాలి, అదే అసలుది, ఫ్లోరిడాది బాగా పొట్టి. పెద్దవాళ్లకి స్మాల్ వరల్డ్, పైరేట్స్, మాన్షన్ ఎండ ముదిరాక పెట్టండి, లోపల చల్లగా ఉంటాయి.

వెళ్లే ముందు రోజు రాత్రి మాన్షన్ ఎపిసోడ్‌లోని బాల్‌రూమ్ ముక్క ఒక్కటి మళ్లీ వేసి చూడండి.

మేం వెళ్లిన రోజు మాన్షన్ సాగే గదిలో మా చుట్టూ అరవై డెబ్భై మంది ఉన్నారు. తలుపు మూసుకుంది, ఆ గంభీరమైన గొంతు మొదలైంది, గోడలు సాగడం మొదలైంది, పిల్లలు అమ్మల్ని పట్టుకున్నారు. నాన్న పటాల వైపు చూడ్డం లేదు. ఒక కాలు బూటు సగం తీసి నేల మీద ఆనించి, చేత్తో గోడ తడిమి, తలెత్తి పైకి చూసి, ఆ చీకట్లో అందరికీ వినబడేలా తెలుగులో అన్నారు: "మనం దిగట్లేదురా, కప్పే లేస్తోంది. ఇది ఫ్లోరిడాదే."